బడి పిల్లల మార్కులు ఇంటర్నెట్ దయ మీద ఆధారపడకూడదు: విద్యాశాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకులు గారికి,
రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ సంచాలకులు గారికి,

నమస్కారములు.

నేను హైదరాబాద్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధించే స్కూల్ అసిస్టెంట్‌ను. బడిలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత కూడా నాదే. ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం), ఎస్‌ఏ (సంగ్రహణాత్మక మూల్యాంకనం) పరీక్షలను కాగితం మీద కాకుండా కంప్యూటర్ మీద పెడితే ఫలితాలు త్వరగా వస్తాయనీ, ఏ పిల్లవాడు ఏ సామర్థ్యంలో వెనకబడ్డాడో వెంటనే తెలుస్తుందనీ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశాల్లో, శిక్షణ తరగతుల్లో ఈ మధ్య తరచూ వింటున్నాను. ఆ ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను. దిద్దిన జవాబుపత్రాల కట్టలు పక్కన పెట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా మార్కులు ఎక్కించే ఉపాధ్యాయులెవరూ దానిని కాదనరు. అయితే ఉత్తర్వు ముందు వచ్చి, ఏర్పాట్లు తర్వాత వెతుక్కునే పరిస్థితి రాకూడదనే ఈ లేఖ రాస్తున్నాను. నా విన్నపం ఒక్కటే. ఆన్‌లైన్ మదింపుకు ఒక బడిలో కనీసం ఏమేమి ఉండాలో తెలిపే సాంకేతిక ప్రమాణాలను ముందుగా రాతపూర్వకంగా ప్రకటించండి. పరీక్ష జరుగుతున్న గంటలో బయటి ఇంటర్నెట్ అవసరమే లేకుండా ఆ ఏర్పాటును రూపొందించండి. ప్రమాణాలు అందుకోని బడి నిస్సంకోచంగా కాగితం మీదే పరీక్ష పెట్టుకునే వీలు కల్పించండి.

ఈ మాట అనగానే ఎదురయ్యే ప్రశ్న నాకు తెలుసు. తెలంగాణ ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) 2018 నుంచే కంప్యూటర్ మీద జరుగుతోంది, జేఈఈ మెయిన్ కూడా 2019 నుంచి కంప్యూటర్ పరీక్షే, మరి బడిలో ఎందుకు సాధ్యం కాదని అడుగుతారు. ఆ పరీక్షలు జరిగేది అందుకోసమే సిద్ధం చేసిన కేంద్రాల్లో. అక్కడ జనరేటరు ఉంటుంది, అదనపు కంప్యూటర్లు ఉంటాయి, నెట్‌వర్క్ చూసుకునే సిబ్బంది ఉంటారు. రాసేవాళ్ళు ఇంటర్మీడియట్ చదివిన యువతీయువకులు. ప్రశ్నలు ఎక్కువగా బహుళైచ్ఛికాలు గనుక మౌస్ కదపడం వస్తే సరిపోతుంది. అభ్యర్థులు ఎక్కువై వేర్వేరు పూటల్లో వేర్వేరు ప్రశ్నపత్రాలు ఇవ్వవలసి వచ్చినప్పుడు మార్కులను సమం చేయడానికి నార్మలైజేషన్ అనే గణాంక పద్ధతి కూడా ఉంది. ఇందులో ఏ ఒక్కటీ ఆరో తరగతి పిల్లవాడు కూర్చునే మా ల్యాబ్‌కు వర్తించదు.

ముందుగా కంప్యూటర్ల సంఖ్య సంగతి చూద్దాం. ఆరు నుంచి పది వరకు ఐదు తరగతులు, తరగతికి 60 మంది పిల్లలు, ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు 20 ఉన్న బడిని ఊహించుకుందాం. ఒక్కో తరగతి మూడు విడతలుగా కూర్చోవాలి. సబ్జెక్టులు ఆరు అనుకుంటే మొత్తం 90 విడతలు. పిల్లలు రావడం, లాగిన్ కావడం, రాయడం, లేచి వెళ్ళడం కలిపి విడతకు గంట చొప్పున, రోజుకు ఐదు విడతలు జరిగినా ఒక్క ఎఫ్‌ఏ పూర్తి కావడానికి 18 పనిదినాలు పడుతుంది. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలంటే 72 పనిదినాలు. అంతకాలం ల్యాబ్‌లో కంప్యూటర్ పాఠం ఉండదు. ఉదయం రాసిన పిల్లలు ప్రశ్నలను మధ్యాహ్న భోజనం వేళకే మిగతావాళ్ళకు చెప్పేస్తారు కూడా. అందువల్ల ఒకే కష్టస్థాయి ఉన్న ప్రశ్నలను పెద్ద సంఖ్యలో ముందే తయారుచేసి, పరీక్షించి, విడతకొక సెట్టు ఇవ్వగల ప్రశ్ననిధి ఉండాలి. దీనిని నిర్మించే పని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థదే గానీ, బడి స్థాయిలో ఉపాధ్యాయులు చేయగలిగింది కాదు. పదిమంది పిల్లలకు ఎన్ని కంప్యూటర్లుంటే ఆన్‌లైన్ పరీక్ష పెట్టవచ్చన్నది మొట్టమొదటి ప్రమాణం కావాలి. దానికి తోడు, ప్రతి పది కంప్యూటర్లకూ కనీసం ఒకటి అదనంగా ఉండాలి.

ఉన్న కంప్యూటర్ల వయసు కూడా చూడాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండదు, ప్రాసెసరూ సరిపోదు. వాటిని పారేయనక్కర్లేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే ఇంకా కొన్నేళ్ళు నిక్షేపంగా పనిచేస్తాయి. కానీ శాఖ ఎంచుకునే పరీక్ష సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద కూడా నడవాలని కొనుగోలు షరతుల్లోనే రాయాలి. పరీక్ష వేళ పిల్లలు వేరే పేజీలకు వెళ్ళకుండా కట్టడి చేసే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం నుంచి ఉచితంగానే దొరుకుతుంది గానీ, అది లినక్స్‌కు రాదు. ఇలాంటి విషయాలు టెండరుకు ముందే తేలాలి. మరొక చిన్న విషయం, ల్యాబ్ చూసుకునే ప్రతి ఉపాధ్యాయుడికీ అనుభవమే. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉంటే సురక్షిత వెబ్‌సైటు ఏదీ తెరుచుకోదు. కారణం తెలియక పరీక్ష రోజు ఇంటర్నెట్ పాడైందనుకుని కంగారు పడతారు. పరీక్షకు మిగిలిన సమయాన్ని పిల్లల కంప్యూటర్ గడియారంతో కాకుండా సర్వర్ గడియారంతోనే లెక్కించాలని కోరడానికి ఇదీ ఒక కారణమే.

ఇక ఇంటర్నెట్. నా ఆందోళనంతా ఎక్కువగా దీని చుట్టూనే. ఒక ప్రశ్నపత్రంలో పటాలు, గ్రాఫులు కలిసి రెండు మెగాబైట్లు ఉన్నాయనుకుందాం. ఇరవై మంది ఒకేసారి తెరిస్తే 40 మెగాబైట్లు, అంటే 320 మెగాబిట్లు రావాలి. సెకనుకు 10 మెగాబిట్ల లైను పూర్తి వేగంతో పనిచేసినా 32 సెకన్లు పడుతుంది. లైను పోయి ఉపాధ్యాయుడి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడినప్పుడు వేగం రెండు మెగాబిట్లకు పడిపోతే రెండు నిమిషాల నలభై సెకన్లు. ఇది ఒక్క బడి లెక్క. ఉదయం పది గంటలకు రాష్ట్రంలోని వేల బడులు ఒకే కేంద్ర సర్వర్ తలుపు తట్టినప్పుడు ఏమవుతుందో, మార్కుల నమోదుకు గడువు ముగిసే రోజు పోర్టల్ ముందు కూర్చున్న ఉపాధ్యాయులకు చెప్పనక్కర్లేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, సగం నింపిన పేజీ చెరిగిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి నింపాలి. మేము పెద్దవాళ్ళం, అర్ధరాత్రి దాకా మేల్కొని పూర్తి చేసుకుంటాం. పన్నెండేళ్ళ పిల్లకు పరీక్ష మధ్యలో అలా జరిగితే ఆ రోజు తర్వాతి ప్రశ్న మీద మనసు నిలవదు.

దీనికి పరిష్కారం తెలియనిదేమీ కాదు. బడిలోనే ఒక కంప్యూటర్‌ను స్థానిక సర్వర్‌గా పెట్టాలి. ప్రశ్నపత్రం ముందురోజే తాళం వేసిన ఫైలుగా, అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన రూపంలో, ఆ సర్వర్‌లోకి చేరాలి. దానిని తెరిచే సంకేతపదం పరీక్షకు కొద్ది నిమిషాల ముందు ప్రధానోపాధ్యాయుల ఫోనుకు సందేశంగా రావాలి. అక్కడి నుంచి అంతా ల్యాబ్‌లోని కంప్యూటర్లను కలిపే ల్యాన్ కేబుల్ మీదే నడుస్తుంది. నేను పైన చెప్పిన 320 మెగాబిట్లు సాధారణమైన 100 మెగాబిట్ల స్విచ్ మీద నాలుగు సెకన్లలోపే పిల్లలందరికీ చేరతాయి. పిల్లవాడు ఒక్కో జవాబు గుర్తించగానే అది సర్వర్ డిస్కులో భద్రం కావాలి. కంప్యూటర్ ఆగిపోతే ఆ పిల్లవాడు పక్క కంప్యూటర్ దగ్గర కూర్చుని, ఆగిన ప్రశ్న నుంచే, మిగిలిన సమయంతోనే కొనసాగించాలి. జవాబుల ఫైలు చాలా చిన్నది గనుక సాయంత్రం తీరికగా, అవసరమైతే ఫోన్ ద్వారానైనా పంపవచ్చు. వైఫై మీద ఆధారపడకుండా కేబుల్ వేయాలని కూడా ప్రమాణాల్లో చేర్చండి. ఒక్క రూటర్ ఇరవై కంప్యూటర్లకు సిగ్నల్ ఇస్తుందని అట్ట మీద రాసి ఉన్నా, మందపాటి గోడల పాత భవనాల్లో అది జరిగే పని కాదు.

ఇది ఊహాజనితమైన ఏర్పాటు కాదు. కేరళలో పదో తరగతి ఐటీ పరీక్షను ఏళ్ళ తరబడి బడి ల్యాబుల్లోనే, లినక్స్ కంప్యూటర్లలో అమర్చిన పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో నిర్వహిస్తున్నారు. 2001లో ఐటీ@స్కూల్ పేరుతో మొదలై, ఇప్పుడు కైట్ అనే ప్రభుత్వ సంస్థగా నడుస్తున్న వ్యవస్థ దానికి వెన్నుదన్ను. మన అధికారులు, కొందరు ల్యాబ్ ఉపాధ్యాయులు కలిసి అక్కడికి వెళ్ళి చూసి వస్తే ఎన్నో సందేహాలు తీరతాయి. ఇంకా దూరం చూడాలంటే ఆస్ట్రేలియా ఉంది. అక్కడి జాతీయ మదింపు నాప్లాన్‌ను 2018 నుంచి దశలవారీగా ఆన్‌లైన్‌కు మార్చారు. 2019లో అనుసంధాన సమస్యలు తలెత్తి, ఇబ్బంది పడిన విద్యార్థులకు మళ్ళీ రాసే అవకాశం ఇవ్వవలసి వచ్చింది. బడులన్నీ ఆన్‌లైన్‌లోకి వచ్చింది 2022లోనే. అసలు పరీక్షకు ముందు బడులన్నిటితో నమూనా పరీక్ష చేయించి లోపాలు చూసుకోవడం అక్కడి పద్ధతి. అంత సంపన్న దేశం కూడా మూడో తరగతి పిల్లలు సొంతంగా రాసే రచనా పరీక్షను నేటికీ కాగితం మీదే ఉంచింది.

ఈ చివరి విషయం మీద కాస్త ఆగమని కోరుతున్నాను. చేతిరాతలో పేజీ నిండా తెలుగు రాయగల ఏడో తరగతి అమ్మాయికి ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు మీద ఒక వాక్యం కొట్టమంటే పది నిమిషాలు పడుతుంది. అప్పుడు మనం కొలిచేది ఆ అమ్మాయి భాషను కాదు, టైపింగును. ఇప్పుడున్న నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ఎఫ్‌ఏకు నాలుగు సాధనాలున్నాయి. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు ఒకటి, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష మిగిలినవి. వీటిలో తెర మీదకు సహజంగా వెళ్ళగలిగింది లఘు పరీక్షలో కొంత భాగం మాత్రమే. ఆన్‌లైన్ పేరుతో మిగతా మూడింటినీ పక్కన పెట్టి, చదువు మొత్తాన్ని నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నలకు కుదించే ప్రమాదం ఉంది. యంత్రానికి ఏది దిద్దడం తేలికో అదే పాఠం అవుతుంది. గణితంలో పిల్లవాడు సోపానాలు ఎలా వేశాడో చూడకుండా చివరి జవాబు మాత్రం చూసే మదింపు నాకు, ఆ పిల్లవాడికి ఎందుకూ కొరగాదు. అందుకే ఆన్‌లైన్ భాగానికి పైపరిమితిని కూడా ఉత్తర్వులోనే పెట్టమని నా మనవి.

భాష విషయానికి వస్తే, 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు ఒక పేజీలో ఆంగ్లం, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. అది పిల్లలకు నిజంగా మేలు చేసిన పని. పరీక్ష తెర కూడా అలాగే రెండు భాషలనూ పక్కపక్కన చూపాలి. హైదరాబాద్‌లో ఉర్దూ మాధ్యమం బడులు చాలా ఉన్నాయి. ఉర్దూ రాష్ట్రానికి రెండో అధికార భాష. నస్తాలీఖ్ లిపిలో కుడి నుంచి ఎడమకు సాగే వాక్యం మధ్యలో ఎడమ నుంచి కుడికి చదవవలసిన సమీకరణం వస్తే, అంకెలు తారుమారు కాకుండా చూపగలగడం సాఫ్ట్‌వేర్‌కు మొదటి రోజునుంచే రావాలి. తర్వాత చేరుద్దాంలే అని వదిలేస్తే అది చేరదు.

తెలుగైనా సరిగ్గా కనబడుతుందన్న భరోసా లేదు. మన ప్రశ్నపత్రాల్లో చాలాభాగం డీటీపీలో అను ఫాంట్లతో తయారవుతాయి. అవి అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతివి కావు గనుక అలాగే తెచ్చి అతికిస్తే తెర మీద అర్థంలేని రోమన్ అక్షరాల కుప్ప కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చినా గండం గడవదు. మా ల్యాబ్‌లో ఒక అభ్యాస పరీక్ష పెట్టినప్పుడు పాత కంప్యూటర్ ముందు కూర్చున్న ఎనిమిదో తరగతి అమ్మాయి చెయ్యెత్తింది. వెళ్ళి చూస్తే, దీర్ఘచతురస్రం అన్న మాటలో ఘ పక్కకు విడిపోయి ఉంది, ర మీద పొల్లు నిలబడి ఉంది, చివరి రావత్తు ఉండవలసిన చోట చుక్కల వలయం ఒకటి కనబడుతోంది. వైశాల్యం ఎలా కట్టాలో ఆ అమ్మాయికి బాగా తెలుసు. “సార్, ఇది ఏ బొమ్మ?” అని మాత్రం అడగవలసి వచ్చింది. పక్క వరుసలో కొత్త కంప్యూటర్ మీద అదే ప్రశ్న చక్కగా కనిపిస్తోంది. ఒకే పరీక్ష, ఒకే గది, ఇద్దరికీ రెండు ప్రశ్నలు. కంప్యూటర్‌లో ఉన్న ఫాంటును నమ్ముకోకుండా మండలి, నోటో వంటి ఉచిత యూనికోడ్ ఫాంటును సాఫ్ట్‌వేర్‌లోనే పొదిగి ఇవ్వాలి. గుడులు, వత్తులు కోతపడకుండా వరుసల మధ్య ఎడం ఉండాలి. 1366×768 తెర మీద ప్రశ్న, నాలుగు ఐచ్ఛికాలు కిందికి జరపకుండా పూర్తిగా కనబడాలి. ప్రతి ప్రశ్ననూ తెలుగు, ఉర్దూ చదవగలిగినవారు పాత, కొత్త కంప్యూటర్లు రెండింటి మీదా చూసి సంతకం చేశాకే విడుదల చేయాలి.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. మానిటరుతో కలిపి డెస్క్‌టాప్‌కు సుమారు 100 వాట్లు అనుకుంటే ఇరవైకి రెండు కిలోవాట్లు, గంటకు రెండు యూనిట్లు. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి కాగితం మీద దాచేది 1.8 యూనిట్లు, చేతికొచ్చేది అంతకంటే తక్కువ. అంటే ఒక్క విడతకైనా కనీసం రెండు మంచి బ్యాటరీలుండాలి. ల్యాబ్‌కు విడి సర్క్యూట్, సరైన ఎర్తింగ్ లేకపోతే అన్ని కంప్యూటర్లనూ ఒకేసారి ఆన్ చేసినప్పుడు ఎంసీబీ పడిపోవడం మామూలే. ఇకముందు కొనేవి ల్యాప్‌టాప్‌లైతే సొంత బ్యాటరీ ఉంటుంది, విద్యుత్ ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

దివ్యాంగ పిల్లల విషయంలో దయచేసి రాజీ పడవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అర్హులైనవారికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. కాగితం పరీక్షలో ఇన్విజిలేటర్ గడియారం చూసి ఇస్తారు. తెర మీద మాత్రం సాఫ్ట్‌వేర్ గడువు కాగానే పేజీ మూసేస్తుంది. విద్యార్థివారీగా సమయం ముందే నమోదు చేసే వీలుండాలి. తెర మీది మాటలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్‌తో ప్రశ్నలు చదివించి చూడాలి. పటం ఉన్న ప్రతి ప్రశ్నకూ వివరణ రాయాలి. స్క్రైబ్ (పిల్లల తరఫున జవాబు రాసిపెట్టేవారు) సౌకర్యం యథాతథంగా కొనసాగాలి.

పిల్లల వివరాల గోప్యత గురించి కూడా చెప్పాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారిని పిల్లలుగా పరిగణిస్తోంది. వారి సమాచారం వాడటానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలనీ, వారి ప్రవర్తనను వెంటాడి నమోదు చేయరాదనీ సాధారణ నియమంగా పెట్టింది. చట్టంలో విద్యాసంస్థలకు ఏ మినహాయింపులున్నా, ఒక ఎఫ్‌ఏ కోసం పిల్లల ముఖాలను కెమెరాతో చిత్రీకరించనక్కర్లేదు. గదిలో ఉపాధ్యాయుడు ఉన్నాడు, చాలు. సాఫ్ట్‌వేర్ సరఫరా చేసే కంపెనీకి పిల్లవాడి పేరు, ఆధార్, ఫోన్ నంబరు ఏవీ వెళ్ళకూడదు, ఒక సంకేత సంఖ్య సరిపోతుంది. ఒప్పందం ముగిశాక ఆ సమాచారాన్ని ఎప్పటిలోగా చెరిపివేయాలో ఒప్పందంలోనే ఉండాలి.

ల్యాబులు చాలని చోట పిల్లలు ఇంట్లో తల్లిదండ్రుల ఫోనులో రాస్తే సరిపోతుందన్న సూచన కూడా వినబడుతోంది. దానిని అంగీకరించవద్దని వేడుకుంటున్నాను. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానళ్ళ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను, అదీ తండ్రి పనికి వెళ్ళి వచ్చేదాకా అందుబాటులో లేని ఇళ్ళను మేమంతా చూశాం. ఇంట్లో ఫోను మీద అభ్యాసం చేసుకోనివ్వండి, దానికి మార్కులు మాత్రం వద్దు.

చివరిగా నిర్వహణ. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో సుమారు ఐదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. ఒక సీపీయూను కొన్ని మానిటర్లు పంచుకునే ఆ పద్ధతి ఆ కాలానికి మంచి ప్రయత్నమే. ఒప్పంద కాలం ముగిసి బోధకులు వెళ్ళిపోయాక చాలాచోట్ల ఆ గదులకు తాళాలు పడ్డాయి. ఈసారి పరికరాల కొనుగోలుకు ఎంత కేటాయిస్తారో, ఐదేళ్ళ మరమ్మతులకు, బ్యాటరీల మార్పిడికి ఎంత కేటాయిస్తారో పక్కపక్కనే చూపండి. కాంప్లెక్స్‌కు ఒక సాంకేతిక సహాయకుడిని నియమించి, ఫిర్యాదు అందిన ఎన్ని గంటల్లో రావాలో నిర్ణయించండి. పరీక్ష మధ్యలో ఏర్పాటు విఫలమైతే ఎంతసేపు ఆగి చూడాలి, ఎప్పుడు కాగితానికి మారాలి అన్న నిర్ణయాధికారం ప్రధానోపాధ్యాయులకే ఇవ్వండి. ముద్రించిన ప్రశ్నపత్రాల కవరు ఒకటి ప్రతి బడి బీరువాలో సిద్ధంగా ఉండాలి. అలా మారినందుకు ఎవరికీ మెమో ఇవ్వబోమని ఉత్తర్వులో స్పష్టంగా రాయండి. ఆ భయం ఉంటే ల్యాబ్ సిద్ధంగా లేకున్నా సిద్ధమేనని నివేదికలు వస్తాయి, నష్టం పిల్లలకు జరుగుతుంది.

ముసాయిదా ప్రమాణాలను తెలుగు, ఉర్దూ, ఆంగ్ల భాషల్లో ప్రకటించి, ల్యాబులు చూసుకునే ఉపాధ్యాయుల నుంచి, తల్లిదండ్రుల నుంచి అభిప్రాయాలు తీసుకోండి. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక కాంప్లెక్స్‌ను, పాతబస్తీలో ఒక ఉర్దూ మాధ్యమం బడిని, జిల్లాల్లో ఇంటర్నెట్ బలహీనంగా ఉన్న కొన్ని బడులను ఎంచుకుని, మార్కులు లెక్కలోకి రాని నమూనా పరీక్షను ఒక విద్యాసంవత్సరం పాటు నిర్వహించండి. అందులో ఏ బడిలో ఏది పనిచేసిందో, ఏది చేయలేదో దాచకుండా ప్రచురించండి. ఆ పనికి మా బడి ల్యాబ్‌ను, సెలవుదినాలతో సహా నా సమయాన్ని ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక స్కూల్ అసిస్టెంట్ (గణితం),
ప్రభుత్వ ఉన్నత పాఠశాల, హైదరాబాద్ జిల్లా